గాడిద వెనక కుందేలు

మా పంతులమ్మ జీవమ్మ సమాధి బండ మీద చెక్కమని ప్రకాశం అయ్యగారు నాకు ఒక కాగితం ముక్క ఇచ్చినాడు. ఆయన మా గుడి పాదిరి. కాగితంలో పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, కింద "ఉపాధ్యాయురాలు" అని ఒక్క మాట. అంతే. ముప్పై ఏండ్లు మా పల్లె పిల్లోళ్లకు చదువు చెప్పిన మనిషికి ఇంతేనా అయ్యగారూ అంటే, "బండ చిన్నది గదప్పా ఏసన్నా" అంటాడు. బండ చిన్నదంట! నాపరాయి కొట్టేది నేను, కొలత చెప్పేది ఆయన. పెద్ద బండ నేనే తెస్తా, నాకేమీ ఇయ్యద్దు అంటే, అట్ల చేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారో అని నసిగినాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సరే, బండ మీద పట్టనిది నోటితో చెప్తా. వినేవాళ్లు వినండి.

మాది గండికోట కొండల కింద, పెన్న ఒడ్డున, పెద్దూరికి అర మైలు దూరంగా విసిరేసినట్టు ఉండే పల్లె. ముప్పై కొట్టాలు, ఒక దేవుని గుడి. ఆదివారం అది గుడి, మిగతా దినాలు బడి. మా జేజబ్బ కాలంలోనే మావాళ్లు మిషనులో కలిసినారు. కలిసినా బతుకు పెద్దూరి రెడ్ల చేన్లలోనే. పొద్దు పొడవకముందే ఆడా మొగా పత్తి చేన్లకు, జొన్న చేన్లకు పోయేవాళ్లు. పాలు తాగే బిడ్డ అయితే తల్లి వెంట పోతాది. ఎనిమిదేండ్లోడు గొర్రెల వెంట పోతాడు. మధ్యలో ఉండే మూడేండ్లు, నాలుగేండ్లు, ఐదేండ్ల పిల్లోళ్లు ఉంటారు చూడండి, వాళ్లతోనే వచ్చేది తంటా. పెన్నకు పోతారని, బాయిలో పడతారని, మంచం కోడుకు తాడు కట్టి, కాలికి ముడేసి, పక్కన ఇంత సంగటి పెట్టి పోయేవాళ్లు. నన్ను కూడా అట్ల కట్టినారు. మా అమ్మను తప్పు పట్టను, ఇంకేం చేస్తాది?

పందొమ్మిది వందల పదహారో సంవత్సరంలో జీవమ్మ వచ్చింది. అప్పటికి ఆయమ్మకు ఇరవై మూడేండ్లు. రాయచోటి పక్క మిషను పని చేసే మొగుడు పాము కరిచి పోయినాడు. చంకలో రెండేండ్ల కూతురు, పేరు సలోమి. చేతిలో ఒక ట్రంకుపెట్టె. సన్నగా, పొడుగ్గా, కోపం ముక్కు మీద పెట్టుకొని ఉండేది. నా కోపం ఆయమ్మ దగ్గర నేర్చుకున్నదే, అక్షరాల మాదిరే. వచ్చిన రెండో దినం కొట్టం కొట్టం తిరిగి, మంచం కోళ్లకు కట్టిన తాళ్లన్నీ విప్పింది. సాయంత్రం తల్లులు వచ్చి బిడ్డలు లేరని గుండెలు బాదుకుంటే, గుడి గడప మీద నిలబడి, "మీ బిడ్డలు ఈడ ఉండారు. తాళ్లు కూడా ఈడనే ఉండాయి. బిడ్డలను తీసుకపోండి, తాళ్లు మాత్రం ఇయ్యను" అనింది. ఆ తాళ్లతోనే గుడి కప్పుకు బోదగడ్డి కట్టించింది.

అట్ల మొదలైంది మా శిశు తరగతి. పందొమ్మిది మందిమి.

మరుసటి ఏడు క్రిస్మసుకు మిషను దొరసాని బంగళా నుంచి ఒక పెట్టె వచ్చింది. సముద్రం అవతల నుంచి పంపినారంట. అందులో గౌన్లు, సబ్బులు, ఒక బొమ్మల పుస్తకం. చాటంత పుస్తకం, పన్నెండు మందపాటి ఆకులు, ఆకుకు రెండు పక్కలా రంగు బొమ్మలు. ఇరవై నాలుగు బొమ్మలు. మేం అంతకుముందు రంగు బొమ్మ చూసింటే ఒట్టు. దొరసాని దాన్ని ఇస్తా, "జీవమ్మా, మడత పడకూడదు, మరక పడకూడదు. బడి సొత్తు ఇది, నీ పేరున రాస్తాండా" అని మూడుసార్లు చెప్పిందంట. ఆయమ్మ మా అందరి చేతులూ కడిగించి, తన కొంగుకు తుడిపించి, అప్పుడు గానీ పుస్తకం తెరిచేది కాదు.

చదువు చెప్పే విధం చెప్తా, వినండి. ఎవరో చెప్పింది కాదు, ఆయమ్మే పుట్టించుకున్నది. పిల్లోళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ పంచింది. "ఇది నీది. నీ పేరు దీని మీద ఉండాది. దీని మంచీ చెడ్డా నువ్వే చూసుకోవల్ల" అనింది. పొద్దున హాజరు పేరు పిలిచి వేసేది కాదు. ఊరికే ఆకు తిప్పుతుంది. ఆవు బొమ్మ వస్తే ఆవు పిల్లోడు లేసి అంబా అనల్ల. అది నడిచినట్టు నడవల్ల. దానికి కాళ్లెన్ని, అది ఏం తింటాది, యాడ పండుకుంటాది, అన్నీ వాడే చెప్పల్ల. మిగతావాళ్లు ఏటి మట్టి తెచ్చి ఆ బొమ్మ చేసేవాళ్లు. ఆవు పిల్లోడు దినమూ గడ్డిపరక తెచ్చి ఆకు ముందర పెట్టేవాడు. ఎవరన్నా రాకపోతే, ఆ ఆకు తెరిచి అట్లనే పెట్టి, "పోండి, పిల్చుకొని రాండి" అనేది. మేమందరం వాని కొట్టం ముందర నిలబడి ఆ జంతువు కూత కూసేవాళ్లం. వాడు రాక ఏం చేస్తాడు?

చిన్న ఈరన్నకు కోడిపుంజు వచ్చింది. వాడు గిడ్డయ్య కొడుకు, మా పక్క కొట్టమే. నాకు గాడిద వచ్చింది.

ఏడ్చినా. దొర్లి దొర్లి ఏడ్చినా. అందరూ గాడిద ఏసన్న అని ఎగతాళి చేస్తాండారు. ఆయమ్మ నన్ను ఒళ్లో కూచోపెట్టుకొని, "ఓరి పిచ్చోడా, గాడిద లేకుంటే మూటలు ఎవరు మోస్తారప్పా? దాని గొంతు విన్యావా? గండికోట కొండకు తగిలి వెనక్కి వస్తాది. యాదీ, ఒకసారి అరువు" అనింది. ఒక్క ఓండ్ర పెట్టినా. గుడి కప్పు మీద పావురాలు లేసిపోయినాయి. ఆ పొద్దు నుంచి నా గాడిదను ఎవనికీ ఇస్తే గదా!

గాడిద ఆకు వెనక పక్క ఒక కుందేలు. తెల్లగా మెరిసే నేల మీద తెల్ల కుందేలు. ఆ తెలుపు మంచు అంట, నీళ్లు గడ్డకట్టి పడతాదంట ఆ దేశంలో. ఆయమ్మ ఎంత చెప్పినా మాకు ఎక్కలే. "పత్తి చేనమ్మా అది, పత్తిలో కుందేలు" అన్నాం. ఆఖరుకు ఆయమ్మా పత్తి అనే ఒప్పుకునింది. ఆ కుందేలు సలోమిది. కూతురికి ముందర బొమ్మ ఇయ్యలేదు. అందరికీ పంచినాక మిగిలినవాటిలో ఇది ఇచ్చింది. కుందేలుకు కూత లేదు గదా, ఆకు తిప్పితే సలోమి రెండు చేతులూ తల మీద చెవుల మాదిరి పెట్టి, ముక్కు చిట్లించి, మూడు గెంతులు గెంతేది. నేను ఓండ్ర పెట్టేది, ఆకు తిరిగేది, సలోమి గెంతేది. దినమూ అంతే. నా తర్వాత ఆ పాపే.

పద్దెనిమిదో సంవత్సరం వానలు ఎత్తిపోయినాయి. జొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. దాని వెంటే జ్వరం వచ్చింది. దొరల యుద్ధంలో నుంచి వచ్చిందన్నారు, రైల్లో వచ్చిందన్నారు. ఎందులో వస్తే ఏం, పొద్దున చేనికి పోయిన మనిషి మరుసటి పొద్దుకు లేడు. పెద్దూర్లోనూ పోయినారు, మా పల్లెలోనూ పోయినారు. మోసేదానికి మనుషులు చాల్లేదు.

బడి మాత్రం ఆయమ్మ ఆపలే. తల్లిదండ్రులు పండుకొని ఉంటే పిల్లోళ్లు యాడికి పోతారు? ఒక పొద్దు ఆకు తిప్పుతా ఉంటే కోడిపుంజు వచ్చింది. కూత లేదు. చిన్న ఈరన్న తెల్లవారుజామునే పోయినాడని మాకు తెలవదు. పక్కన కూచున్న పిల్లోడు వాని బదులు కూయబోతే, "వద్దప్పా, అది ఈరన్నది" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడే గిడ్డయ్య గడప దగ్గరికి వచ్చి నిలబడినాడు.

"పంతులమ్మా, మా ఈరన్న కోడి కావల్ల" అన్నాడు.

మా తావుల బిడ్డ పోతే, ఆ బిడ్డ ఆడుకున్న వస్తువు వెంట పెట్టి పంపుతారు. గిలకో, మట్టిబండి బొమ్మో, పాలు తాగిన గిన్నో. లేకుంటే బిడ్డ వెనక్కి తిరిగి దేవులాడుకుంటాదని. మిషనులో కలిసినా ఇది మాత్రం ఎవరూ వదల్లే, పాదిరికి కనపడకుండా చేసేవాళ్లు. మా కొట్టాల్లో బిడ్డకంటూ సొంత వస్తువు యాడిది? ఈరన్నకు ఈ భూమ్మీద నాది అని చెప్పుకునేది ఆ కోడిపుంజు ఒక్కటే.

మడత పడకూడదన్న పుస్తకం అది. ఆయమ్మ ఆకు వెనక్కి తిప్పి చూసింది. వెనక పక్క ఓడ బొమ్మ, దానికి కూత లేదని ఎవరికీ పంచలేదు. కుట్టు దగ్గర గోటితో నొక్కి, నిదానంగా చించి, గిడ్డయ్య చేతిలో పెట్టింది. "దొరసానికి నేను చెప్పుకుంటాలే, పో అన్నా" అనింది.

ఒకరికి ఇచ్చినాక ఇంకొకరికి లేదని ఎట్లంటాది? ప్రేమమ్మ బిడ్డలు ఇద్దరూ ఒకే దినం పోయినారు. వాళ్లిద్దరి బొమ్మలూ ఒకే ఆకుకు అటూ ఇటూ. ఇద్దరినీ ఒకే గోతిలో పెట్టి, ఇద్దరి మధ్య ఆ ఆకు పెట్టినారు. ఇంకా ముగ్గురు పోయినారు. పొద్దున్నే గుడి గడప మీద ఎవరో ఒకరు వచ్చి నిలబడేవాళ్లు, ఆయమ్మ ఏమీ అడక్కుండా పుస్తకం తెరిచేది. మా బడిలో కూతలు తగ్గిపోయినాయి. దేవుని దయో మరేమో, చించిన ఐదు ఆకుల్లోనూ వెనక పక్క బతికిన బిడ్డ బొమ్మ ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయమ్మ కంటే ముందర తల్లులే చూసుకునేవాళ్లు.

ఏడో బిడ్డ సలోమి.

ఇక్కడి నుంచి నేను చూసింది కాదు, మా అమ్మ గురమ్మ చెప్పింది. చెప్పింది కూడా పదేండ్లు కడుపులో దాచుకున్నాక, ఒక దినం ఏడ్చి చెప్పింది. అప్పుడు నాకూ జ్వరమే. ఒళ్లు పెనం మాదిరి కాలిపోతాండాది, మూడు దినాల నుంచి కన్ను తెరవలే. మా నాయన అప్పటికే పోయిండాడు. అమ్మకు నేను ఒక్కన్నే. సలోమి పోయిందని ఎవరో వచ్చి చెప్పినారు. అమ్మకు ముందుగా వచ్చిన ఆలోచన ఏందో తెలుసునా? అయ్యో బిడ్డ పోయిందే అని కాదు. కుందేలు వెనక నా గాడిద ఉండాదే అని.

జుట్టు ముడి ఊడిపోయినా ఆగకుండా ఉరికిందంట. పోయేసరికి జీవమ్మ కూతురిని ఒళ్లో పెట్టుకొని, పుస్తకం పక్కన తెరిచి పెట్టుకొని ఉండాది. గోరు కుట్టు మీదనే ఉండాదంట. అమ్మ పోయి ఆ చెయ్యి పట్టుకునింది. "పంతులమ్మా, నీ కాళ్లు మొక్కుతా. నా బిడ్డ ఇంకా ఊపిరి తీస్తాండాడు. బతికినోన్ని మట్టిలో పెట్టద్దు తల్లీ" అనింది.

అంత చదువుకున్న మనిషి. కాగితం పెడితే పిల్లోడు పోతాడా గురమ్మక్కా అని ఒక్క మాట అనచ్చు. నా బిడ్డ బిడ్డ కాదా అని ఒక్క కేక వెయ్యచ్చు. ఆయమ్మ మాత్రం ఆకు మీద నుంచి చెయ్యి తీసి, పుస్తకం మూసి, మా అమ్మ చేతిలో పెట్టింది. "తీసుకపో అక్కా. వాని తల కింద పెట్టు. వాడు లేసినాక తెచ్చియ్" అనింది. అమ్మ పుస్తకం తీసుకొని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

ఆయమ్మ సలోమి పలక తీసి, దాని మీద బలపంతో కుందేలును గీసి, బిడ్డ చేతుల్లో పెట్టిందంట. గుడ్డ కప్పేటప్పుడు రాపిడికి అది సగం చెరిగిపోయిందని గిడ్డయ్య చూసి చెప్పినాడు. మళ్లా గీద్దామంటే, అప్పటికే మోసేవాళ్లు లేసి నిలబడినారు.

నేను బతికినా. కన్ను తెరిస్తే తల కింద ఏదో గట్టిగా తగులుతాండాది, చూస్తే బొమ్మల పుస్తకం. దాన్ని నెత్తిన పెట్టుకొని బడికి పోయినా. ఆయమ్మ హాజరు వేసింది. గాడిద వచ్చింది, ఓండ్ర పెట్టినా. సలోమి గెంతుతాదని ఆకు తిప్పేదానికి నేనే చెయ్యి పెట్టినా. ఆయమ్మ నా చెయ్యి పట్టుకొని, ఒకటి కాదు, రెండు ఆకులు కలిపి తిప్పింది. ఆ పొద్దు నుంచి ఆ కుందేలు పక్క తెరవడం నేను చూడలే.

క్రిస్మసుకు దొరసాని వచ్చి పుస్తకం చూసింది. పన్నెండుకు ఏడు ఆకులు. "ఆ దేశంలో చిన్నపిల్లలు ముచ్చటపడి పంపినారు జీవమ్మా, చించేదానికి నీకు చేతులెట్ల వచ్చినాయి?" అనింది. మేమందరం కూచొని ఉండాం. ఆయమ్మ తల వంచుకొని, "తప్పే అమ్మగారూ" అనింది. యాడికి పోయినాయో చెప్పలే. చెప్తే, గోతుల్లో బొమ్మలు పెట్టినారని పల్లె అంతటి మీదికి మాట వస్తాదని. ఆ ఒక్క తప్పు రాసి పెట్టి, ఇరవై ఎనిమిదేండ్లు ఆయమ్మను పైతరగతులు చెప్పేదానికి పంపలే. పెట్టె కూడా మళ్లా రాలే. మిగిలిన ఏడు ఆకులతో, నాపరాళ్ల మీద సుద్దతో గీసిన బొమ్మలతో, మా తర్వాత ఎంతమందికో చెప్పింది. గాడిదను మాత్రం కొత్త పిల్లోళ్లు ఎవరికీ పంచలే.

అమ్మ ఆ సంగతి చెప్పిన మరుసటి దినమే ఆయమ్మ దగ్గరికి పోయినా. అప్పటికి నాకు మీసం వచ్చిండాది, రాళ్ల పనిలో చేరిండాను. "అమ్మా, ఆ ఆకు చించుకో. నేను పెద్దోన్నయినా. నాకేం భయం లేదు. సలోమి దగ్గర పాతిపెట్టుదువు" అన్నా. ఆయమ్మ నన్ను పైకీ కిందికీ చూసి, "ఏమప్పా, బతికినోని పేరు హాజరులో నుంచి ఎవరన్నా కొట్టేస్తారా?" అనింది. నవ్వుతానే అనింది. నేను గుడి వెనక్కి పోయి ఏడ్చినా. నా బతుకు ఆ పాప చేతిలో నుంచి గుంజుకున్నట్టు అనిపించింది, ఇప్పుడూ అట్లనే అనిపిస్తాది. ఆ తర్వాత కూడా నేను బడి ముందర నుంచి పోతే చాలు, లోపల నుంచి, "గాడిద వచ్చిందా?" అని కేక. ఇద్దరు బిడ్డల తండ్రిని, రాళ్లబండి ఆపి ఓండ్ర పెట్టి పోయేవాన్ని. లోపల పిల్లోళ్లు ఒకటే నవ్వు. మా అమ్మ మాత్రం ఆయమ్మ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేది, మొగం చూపలేక.

మొన్న ఉబ్బసంతో జీవమ్మ పోయింది. సలోమి పక్కనే గొయ్యి తవ్వినాం. నేను బడికి పోయి పుస్తకం తెచ్చినా. గొయ్యి గట్టు మీద కూచొని కుట్టు దగ్గర గోరు పెడితే, ప్రకాశం అయ్యగారు, "ఏందప్పా ఏసన్నా ఇది? అది బడి సొత్తు. పైగా మన విశ్వాసంలో ఇట్లాంటివి..." అని మొదలుపెట్టినాడు.

"అయ్యగారూ, బండ మీకు చిన్నదాయె. గొయ్యి చాలినంత ఉండాది, మీరు పక్కకు జరగండి" అన్నా.

ఆయన జరిగినాడు గానీ, ఇంకొక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకునింది. మా అమ్మ. అరవైకి దగ్గర పడిన మనిషి, కండ్లు సరిగా కనపడవు, ఆ పట్టు మాత్రం ఇనుము.

"వద్దురా ఏసన్నా. గాడిద నీది. నువ్వు ఇంకా బతికే ఉండావు" అనింది.

"అమ్మా, ఇరవై ఎనిమిదేండ్ల నుంచి ఆ పాప చేతులు ఖాళీగా ఉండాయి" అన్నా.

"తెలుసురా. నాకు తెలవదా? నేనే గదా గుంజుకొచ్చింది. అయినా వద్దురా" అని ఏడ్చింది, పట్టు వదల్లే. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఆకు చించి, కిందికి దిగి, ఆయమ్మ రొమ్ము మీద కుందేలు పైకి ఉండేట్టు పెట్టి గుడ్డ కప్పినా. "నీ కూతురికి ఇచ్చుకో అమ్మా" అన్నా. గాడిద పక్క ఆయమ్మ గుండెకు ఆని ఉండాది. పైకి వచ్చి మట్టి వేసినాం.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో జనం ఉండారు. నేను ముందర, అమ్మ నా వెనక కట్టె పొడుచుకుంటా వస్తాండాది. పది అడుగులు పోయినామో లేదో, "ఏసన్నా" అనింది. "ఊఁ" అన్నా. ఇంకో పది అడుగులకు, "ఏసన్నా, ఉండావా?" అనింది. ఊఁ అంటే ఆమెకు చాలలే. తిరిగి చూస్తే, ఆ కండ్లలో నేను ఐదేండ్ల పిల్లోన్ని, కన్ను తెరవకుండా పండుకొని ఉండాను.

దారి మధ్యలో నిలబడి, గండికోట కొండకు తగిలేట్టు ఓండ్ర పెట్టినా. పాడె మోసి వస్తాండిన మనుషులు తిరిగి చూసినారు. అమ్మ మట్టిలో కూలబడి, "జీవమ్మా, తల్లీ" అని ఏడ్చింది. లేపి నడిపించుకొని వచ్చినా. ఇంకో పది అడుగులకు మళ్లా పిలిచింది. మళ్లా ఓండ్ర పెట్టినా. ఇల్లు చేరేవరకూ అట్లనే వచ్చినాం.